బజరు మోగని రోజులు

మధ్యాహ్నం అన్నం బెల్లుకి ఇంకా పావుగంట ఉంది. ఐదో తరగతి పిల్లలు ఒక్కొక్కరే నోటుబుక్కు పట్టుకుని సైన్సు టీచర్ బల్ల దగ్గరికి వెళ్తున్నారు. శనివారం స్కూల్లో ఎగ్జిబిషన్. ఎవరు ఏ వస్తువు తయారుచేసినా, దాన్ని ఎనిమిది రోజులు పరీక్షించి, ఏం జరిగిందో రాసుకుని రావాలి. రాయనివాళ్లకి బల్ల ఇచ్చేది లేదని టీచర్ ముందే చెప్పేశారు.

చిన్న మేస్త్రి వంతు వచ్చింది.

మేస్త్రి అంటే ఎవరో మీసాలాయన అనుకునేరు. పదేళ్ల ఆడపిల్ల. రెండు జడలు, జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు. ఆ పేరు పెట్టింది వాళ్ల తాతయ్య. స్కూల్లో హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా ఆమెకి వేరే పేరు లేదు.

టీచర్ నోటుబుక్కు తెరిచారు. పైన నీలం ఇంకుతో 'తాతయ్య బజరు' అని రాసి ఉంది. కింద గడులు. ఏ రోజు ఎన్నిసార్లు మోగిందో వరసగా అంకెలు.

సోమవారం ఐదు. మంగళవారం ఐదు. బుధవారం నాలుగు. గురువారం రెండు. శుక్రవారం ఒకటి. శని, ఆది, సోమ, మూడు రోజులూ సున్నా.

టీచర్ వేలు సున్నాల దగ్గర ఆగింది. "పాడైపోయిందా?"

"లేదు టీచర్. రోజూ తాతయ్య నిద్రపోయాక నేను తొక్కి చూస్తున్నాను. బాగానే మోగుతోంది. తాతయ్యే బయటికి వెళ్లడం మానేశాడు." చిన్న మేస్త్రి మొహంలో ఏనుగెక్కినంత సంబరం. "అంటే నాది గెలిచినట్టే కదా?"

టీచర్ వెంటనే అవునని అనలేదు. స్కేలు తీసుకుని, సున్నాల పక్కన ఇంకో గీత గీసి, పైన 'ఎందుకు' అని రాశారు.

"మీ తాతయ్య ఎందుకు మానేశాడు?"

"బజరు ఉంది కాబట్టి."

"బజరు మోగితే మీ అమ్మ వస్తుంది. అంతేగా? దానికి మనిషి బయటికి వెళ్లడమే మానేస్తాడా?" టీచర్ నోటుబుక్కు వెనక్కి ఇచ్చారు. "ఈ గడి నింపుకుని రా. మొదటి వరసలో బల్ల నీకోసం ఉంచుతాను."

మొదటి వరస బల్ల అనగానే చిన్న మేస్త్రి గాల్లో తేలింది. కానీ బెంచీ మీద కూర్చుని పెన్సిల్ తీశాక, ఆ గడిలో ఏం రాయాలో తోచలేదు. ఆ ఖాళీ గడి పంటిలో ఇరుక్కున్న పీచులా సాయంత్రం దాకా సతాయించింది.

అసలు ఆ బజరు కథ ఒక షర్టుతో మొదలైంది.

తాతయ్య అంటే అమ్మకి కన్నతండ్రి. నలభై ఏళ్లు ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేశాడు. ఇనుప కడ్డీని వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కేవాడట. చిన్న మేస్త్రికి మొదటి స్క్రూడ్రైవరు ఇచ్చింది ఆయనే. వైరు పైన తొడుగు ఎలా ఒలవాలో, ఆకురాయి ఎలా పట్టుకోవాలో నేర్పింది ఆయనే.

కిందటేడాది నుంచి తాతయ్యకి మరుపు మొదలైంది. కళ్లజోడు ఫ్రిజ్‌లో పెట్టేవాడు. అన్నం తిన్నాక మళ్లీ కంచం ముందు కూర్చునేవాడు. రోజుకి నాలుగైదుసార్లు షర్టు తొడుక్కుని, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, "డ్యూటీకి వెళ్లొస్తానమ్మా" అని బయలుదేరేవాడు.

ఆ ఫ్యాక్టరీని కూలగొట్టి చాలా కాలమైంది. ఒక పొడవాటి ప్రహరీగోడ మాత్రం మిగిలింది. తాతయ్య ఆ గోడ దాకా నడిచి, కాసేపు నిలబడి, తిరిగి వచ్చేసేవాడు. వీధిలో అందరికీ ఆ సంగతి అలవాటైపోయింది.

ఒకరోజు తిరిగి రాలేదు.

అమ్మ వెనక గదిలో కుట్టుమిషన్ మీద స్కూలు యూనిఫాంలు కుడుతుంది. ఆ చప్పుడులో ఎవరు వచ్చినా, ఎవరు వెళ్లినా వినపడదు. నాన్న లారీ తోలుతాడు, వారానికోసారి గానీ ఇల్లు చేరడు. ఆ రోజు అమ్మ, చిన్న మేస్త్రి కాలు కాలిన పిల్లుల్లా వీధులన్నీ తిరిగారు. పొద్దుగూకే వేళకి బస్సు డిపోలో దొరికాడు తాతయ్య. ఎవరో కండక్టరు ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు. తాతయ్య షర్టంతా చెమటతో తడిసిపోయింది.

అమ్మ ఇంటికి వచ్చి మిషన్ ఆన్ చేసి, ఆ చప్పుడులో ఏడ్చింది. సూది కింద గుడ్డ లేదు. తలుపు సందులోంచి చిన్న మేస్త్రి అది చూసింది.

మర్నాటి నుంచి పని మొదలుపెట్టింది. రెండు అట్టముక్కలకి వెండి కాగితం అంటించింది. మధ్యలో స్పాంజి ముక్కలు పెట్టింది. ఎవరైనా తొక్కితే స్పాంజి నొక్కుకుపోయి రెండు కాగితాలూ తగులుకోవాలి. అప్పుడు బజరు మోగాలి. దాన్ని గుమ్మం దగ్గర డోర్‌మ్యాట్ కింద పెట్టి, గోడ వెంట వైరు లాగి, అమ్మ మిషన్ పక్కన బజరు బిగించింది. మొత్తం నాలుగు రోజులు పట్టింది.

మొదటిసారి మోగినప్పుడు అమ్మ ఉలిక్కిపడింది. "పిట్ట కొంచెం కూత ఘనం" అని నవ్వింది. డిపో రోజు తరవాత అమ్మ నవ్వడం అదే.

ఊరికే మోగకుండా ఉండాలని మిగతావాళ్లకి ఒక నియమం పెట్టుకున్నారు. అమ్మ, చిన్న మేస్త్రి మ్యాట్ తొక్కకుండా ఒక్క అంగలో దాటేయాలి. తాతయ్య తొక్కినప్పుడు మాత్రం మోగుతుంది. అమ్మ పరుగున వచ్చి, "తరవాత వెళ్దువుగానీ నాన్నా" అని కుర్చీలో కూర్చోబెడుతుంది. ఎన్నిసార్లు మోగిందో సుద్దముక్కతో మిషన్ చెక్క మీద గీతలు గీసిపెడుతుంది.

మొదటిరోజే తాతయ్య మ్యాట్ మూల ఎత్తి చూశాడు. చేతులు పనివాడివి కదా, ఊరుకోవు.

"వైరింగు శుభ్రంగా ఉంది. ఎవరు చేశారు?"

"నేనే తాతయ్యా."

"శభాష్ మేస్త్రీ. దేనికిది?"

చిన్న మేస్త్రి దిక్కులు చూసింది. నువ్వు తప్పిపోతావని అంటే తాతయ్య ఏమనుకుంటాడో?

"దొంగల కోసం తాతయ్యా" అనేసింది.

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. ఇది మరీ బాగా అతికింది. తాతయ్య తలూపాడు. "మంచిపని చేశావు. ఈ రోజుల్లో ఎవర్నీ నమ్మడానికి లేదు."

అమ్మ అక్కడే ఉంది. ఏదో అనబోయి, తల వంచుకుని పళ్లతో దారం తెంపింది.

ఇదీ జరిగింది. ఇప్పుడు టీచర్ 'ఎందుకు' అని రాసిన ఆ మంగళవారం సాయంత్రానికి వద్దాం.

స్కూలు నుంచి వస్తూ చిన్న మేస్త్రి లోపలికి వెళ్లలేదు. 'ఎందుకు' గడి నింపాలంటే పరీక్షించాలి. సంచీ కింద పెట్టి, వరండా కిటికీ పక్కన నక్కి, ముందు గదిలోకి చూసింది.

తాతయ్య కుర్చీలో ఉన్నాడు. బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. చెప్పులు కూడా వేసుకున్నాడు. కాసేపటికి లేచి, గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. మ్యాట్ ముందు ఆగాడు. ఒక కాలు పైకెత్తాడు. ఆ కాలు అలాగే గాల్లో ఉండిపోయింది. తరవాత దాన్ని వెనక్కి పెట్టుకుని, వెళ్లి మళ్లీ కూర్చున్నాడు.

కొంతసేపటికి మళ్లీ లేచాడు. మళ్లీ అంతే.

మూడోసారి సగం లేచి, మ్యాట్ వైపు చూసి, కూలబడిపోయాడు.

చిన్న మేస్త్రి సంచీ తీసుకుని లోపలికి వచ్చింది. అలవాటు కొద్దీ మ్యాట్‌ని ఒక్క అంగలో దాటేసింది.

"చూశావా, నీకు మోగలేదు" అన్నాడు తాతయ్య.

ఆమె అక్కడే నిలబడిపోయింది.

"మీ అమ్మ దాటినా మోగదు. నేను బాగా గమనించాను. నేను అడుగు పెడితేనే మోగుతుంది." తాతయ్య గొంతు తగ్గించాడు. "దొంగల కోసం అని చెప్పారు కదమ్మా."

"తాతయ్యా..."

"నేనేం తీశాను? నాకేం గుర్తుండట్లేదు. ఏం తీశానో చెబితే ఇచ్చేస్తాను." షర్టు జేబులో ఉన్నవన్నీ తీసి పక్కనున్న స్టూలు మీద పెట్టాడు. ఒక చేతిరుమాలు, కళ్లజోడు డబ్బా, నలిగిపోయిన బస్సు టికెట్టు. ఖాళీ జేబుని కూడా లాగి చూపించాడు. "చూసుకోండి. ఇంతే ఉన్నాయి."

చిన్న మేస్త్రి అప్పుడే నిజం చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేకపోయింది. వెనక గదిలోకి పరిగెత్తి, అమ్మ ఒళ్లో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

అమ్మ మిషన్ ఆపి సంగతంతా విన్నది.

"ఎనిమిది రోజుల్నుంచి నాన్న అట్లా అనుకుంటూ కూర్చున్నారా?" అంది. "గొడవ పెట్టకుండా కూర్చుంటున్నారు, హమ్మయ్య అనుకున్నాను నేను."

"దాన్ని తీసేద్దామమ్మా."

"తీసేస్తే? మళ్లీ ఎటో వెళ్లిపోతే? అన్నిసార్లూ కండక్టరు దొరకడు కదే. ఈ చప్పుడులో నాకేం తెలుస్తుంది?"

అమ్మ అన్నదీ నిజమే. చిన్న మేస్త్రి కళ్లు తుడుచుకుంది. ఆ బుర్ర ఊరుకునే రకం కాదు, అప్పుడే ఇంకో మిషన్ తయారుచేస్తోంది. మ్యాట్ కింద కాకుండా తాతయ్య చెప్పుల అడుగున పెడితే? అప్పుడు తాతయ్యకి కనపడదు. బజరు చప్పుడు కూడా తగ్గించవచ్చు. ఆయనకి తెలియనే తెలియదు.

తలుపు సందులోంచి ముందు గది కనిపిస్తోంది. స్టూలు మీద చేతిరుమాలు, కళ్లజోడు డబ్బా, టికెట్టు. తాతయ్య వాటిని ఒక్కొక్కటీ తిప్పి చూస్తున్నాడు, వాటిలో ఏది ఎవరిదో తేల్చుకోవాలన్నట్టు.

తెలియకుండా చెయ్యడం వల్లే కదా ఇదంతా అనిపించింది ఆమెకి. చెప్పుల ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

"అమ్మా, నువ్వు మిషన్ ముందు గదిలో పెట్టుకోవచ్చు కదా? తాతయ్య పక్కనే ఉంటావు."

"అక్కడ వెలుతురు ఎక్కడుంది? నీలం గుడ్డ మీద నీలం దారం. కళ్లు పొడుచుకున్నా కనపడదు."

ఇంకో రోజైతే చిన్న మేస్త్రి ఒక లైటు పట్టుకొచ్చి ఎక్కడో చోట తగిలించేసేది. ఈసారి అడిగింది.

"వెలుతురు ఎక్కడ పడాలి? నువ్వు చూపించు."

అమ్మ ఆమె వైపు వింతగా చూసింది. ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. "ఇదిగో, సూది మొన మీద. ఎడమ పక్క నుంచి రావాలి. కుడి నుంచి వస్తే నా చెయ్యి నీడే పడుతుంది. కళ్లలోకి కొట్టకూడదు."

మర్నాడు ఆ లైటు తయారైంది. విరిగిన గొడుగు కర్ర, టేబుల్ ల్యాంపు తల, రెండు బిగింపులు. కిందికి పైకి జరిపి, ప్రతిసారీ "ఇక్కడా? ఇక్కడా?" అని అడుగుతుంటే అమ్మకి విసుగొచ్చింది కూడా. మిషన్‌ని ఇద్దరూ ముక్కుతూ మూలుగుతూ ముందు గదిలోకి లాక్కొచ్చారు. బిగింపు జారిపోతుంటే తాతయ్య లేచి వచ్చి, స్క్రూడ్రైవరు అందుకుని, సరిగ్గా రెండున్నర చుట్లు తిప్పాడు. అది మళ్లీ జారలేదు.

మ్యాట్ కింది అట్టలు తీసేశారు. చిన్న మేస్త్రి తాతయ్య ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"నువ్వేం తియ్యలేదు తాతయ్యా. అది దొంగల కోసం కాదు. నేను అబద్ధం చెప్పాను."

"అలాగా" అన్నాడు తాతయ్య. ఆమె తల నిమిరాడు.

కానీ గురువారం పొద్దున మళ్లీ జేబులోవన్నీ తీసి స్టూలు మీద పెట్టాడు. "నేనేం తీశానమ్మా?" అని అడిగాడు. కళ్లజోడు ఎక్కడ పెట్టాడో గుర్తుండదు. అన్నం తిన్నాడో లేదో గుర్తుండదు. ఆ ఒక్క బాధ మాత్రం ఎలాగో గుర్తుండిపోయింది. చిన్న మేస్త్రి మళ్లీ అదే జవాబు చెప్పింది. మధ్యాహ్నం అమ్మ చెప్పింది. సాయంత్రం మళ్లీ తనే చెప్పింది.

శుక్రవారం టీచర్ బల్ల మీద నోటుబుక్కు పెట్టింది. 'ఎందుకు' గడి చాలక, పేజీ అంచుల దాకా రాసింది.

'బజరు బాగా పనిచేసింది. కానీ తాతయ్య తనే దొంగ అనుకున్నాడు. దేనికని ఆయన అడిగితే నేను నిజం చెప్పలేదు.'

టీచర్ రెండుసార్లు చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"రేపు నేను ఎగ్జిబిషన్‌కి రాను టీచర్. తాతయ్యతో డ్యూటీకి వెళ్లాలి" అంది చిన్న మేస్త్రి.

"సరే. నీ నోటుబుక్కు మాత్రం ఆ బల్ల మీద పెట్టనా?"

"తాతయ్యని అడిగి చెప్తాను టీచర్."

సాయంత్రం పేజీ చదివి వినిపించింది. తాతయ్య ఎవరి సంగతో విన్నట్టు చివరిదాకా విన్నాడు.

"పాపం, పెద్దాయన. బాధపడి ఉంటాడు."

"చాలా బాధపడ్డాడు తాతయ్యా."

"పెట్టమను. మిగతా పిల్లలు చదువుకుంటారు" అన్నాడు. చిన్న మేస్త్రి మొహం అటు తిప్పుకుని, పక్కింటి పిల్లాడి చేతికి నోటుబుక్కు ఇచ్చి, పొద్దున్నే టీచర్‌కి అందజేయమంది.

శనివారం పొద్దున తాతయ్య బొత్తాలు పెట్టుకుని లేచాడు. చిన్న మేస్త్రి కూడా చెప్పులు వేసుకుంది. అమ్మ కొత్త లైటు కింద నుంచి తలెత్తి చూసింది గానీ ఆపలేదు.

వీధిలోకి వచ్చాక తెలిసింది, అన్ని రోజులు కుర్చీలో కూర్చోవడం ఎంత పని చేసిందో. అంతకుముందు చకచకా గోడ దాకా నడిచే మనిషి నాలుగో ఇంటి దగ్గరే ఆయాసపడ్డాడు. ఆ ఇంటి అరుగు మీద కూర్చుని మోకాళ్లు రాసుకున్నాడు. చిన్న మేస్త్రికి ఏడుపు ముంచుకొచ్చింది. బిగబట్టుకుని పక్కనే నిలబడింది.

కాసేపటికి తాతయ్య ఆమె వైపు చూశాడు. ఆ చూపులో గుర్తుపట్టిన జాడ లేదు.

"ఎవరి పాపవమ్మా నువ్వు?"

"నీ కూతురి పాపని తాతయ్యా."

"ఓహో. మరి నా వెంట ఎందుకు వస్తున్నావు?"

ఊరికేనని చెప్పవచ్చు. నాకూ అటే పని ఉందని చెప్పవచ్చు. రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి. రెండింటినీ మింగేసింది.

"నువ్వు దారి మరిచిపోతావని భయం తాతయ్యా. అందుకే వస్తున్నాను."

తాతయ్య చాలాసేపు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. కోపం వచ్చిందేమో అనుకుంది ఆమె.

"నాకూ అదే భయం" అన్నాడు నెమ్మదిగా. చెయ్యి చాచాడు.

చిన్న మేస్త్రి ఆ చెయ్యి పట్టుకుని ఆయన్ని లేపింది. "ఎటు వెళ్దాం తాతయ్యా?" అని అడిగి, ఆయన చెప్పేదాకా అక్కడే నిలబడింది.